తూకమునకు అందని ధర్మము: ఈట్-లాన్సెట్ ఆహారపట్టికపై ఒక విమర్శ

మానవుడు తినెడి అన్నము అతని శరీరమును పోషించుటతో ఆగదు. అది పండిన నేలను, పారిన నీటిని, చుట్టునున్న వాతావరణమును కూడ మార్చుచుండును. ఇంటిలో ఏమి వండుకొనవలెనను విషయము తరతరములుగా రుచికి, ఆచారమునకు, కలిమికి లోబడి నడచినది. 1971వ సంవత్సరమున అమెరికాలో ఫ్రాన్సిస్ మూర్ లాపే అను రచయిత్రి, పశువులకు మేపు ధాన్యముతో ఎందరి ఆకలి తీరగలదని ఒక గ్రంథమున ప్రశ్నించినది మొదలు, అది విజ్ఞానశాస్త్రమునకు కూడ సంబంధించిన చర్చయైనది. ఆ చర్చకు నేటివరకు వచ్చిన సమాధానములలో మిక్కిలి ప్రచారము పొందినది ఈట్-లాన్సెట్ కమిషను నివేదిక.

ఓస్లో నగరమున గల ఈట్ అను సంస్థయు, లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికయు కలసి ఈ కమిషనును ఏర్పరచినవి. పోషకాహార శాస్త్రజ్ఞుడు వాల్టర్ విల్లెట్, భూవ్యవస్థ శాస్త్రజ్ఞుడు యోహాన్ రాక్‌స్ట్రోమ్ దీనికి నాయకత్వము వహించిరి. 16 దేశములకు చెందిన 37 మంది నిపుణులు ఇందు పాల్గొనిరి. నివేదిక 2019 జనవరిలో వెలువడినది. 2050 నాటికి వేయి కోట్లకు చేరగల జనులకు, భూమి సత్తువ ఉడుగకుండ, ఆరోగ్యకరమైన తిండి పెట్టుట సాధ్యమా అనునది దాని ప్రశ్న. సాధ్యమే అనునది దాని జవాబు. ఆ జవాబును అది ఒక పట్టికగా వ్రాసి లోకము ముందుంచినది.

పట్టిక చెప్పునది

దినమునకు 2500 కెలోరీల శక్తినిచ్చు ఆహారమును ఆ పట్టిక గ్రాములలో విభజించినది. పొట్టుతీయని ధాన్యములు 232 గ్రాములు, దుంపకూరలు 50, కూరగాయలు 300, పండ్లు 200, పాలు 250, పప్పుధాన్యములు 50, సోయా 25, వేరుశెనగ 25, బాదము వంటి చెట్టుగింజలు 25, చేపలు 28, కోడిమాంసము 29, గ్రుడ్లు 13, గొడ్డు, మేక, పంది మాంసములు అన్నియు కలిపి 14 గ్రాములు. మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు మొదలగు వాటికి సున్న మొదలుకొని ఒక హద్దు వరకు వెసులుబాటు కలదు. కాబట్టి శాకాహారి కూడ ఈ పట్టికలో ఇముడగలడు.

ఈ తూకముల వెనుక భూమికి సంబంధించిన లెక్క ఒకటి కలదు. ఆహారోత్పత్తి వలన వెలువడు వేడివాయువులు ఏటా 500 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సమానమైన మేరను దాటరాదనియు, సేద్యమునకు వాడు నీరు 2500 ఘన కిలోమీటర్లకు మించరాదనియు కమిషను హద్దులు గీసినది. నత్రజని, భాస్వరము, సాగునేల, జీవజాతుల నష్టము, వీనికి కూడ హద్దులు పెట్టినది. ప్రపంచమున ఎర్రమాంసము, చక్కెరల వాడుక సగమునకు పైగా తగ్గవలెననియు, పండ్లు, కూరలు, పప్పులు, గింజల వాడుక రెండింతలు కావలెననియు తేల్చినది. అట్లు చేసినచో ఏటా సుమారు 1 కోటి 10 లక్షల మంది పెద్దల అకాలమరణములు తప్పునని దాని అంచనా.

పట్టికలోని బలము

ఈ నివేదిక చూపిన దిశ సరియైనదే. పశువు తాను తిన్న మేతలోని శక్తిలో అధికభాగమును తన శరీరపు వేడికి, కదలికకు, ఎముకలకు, చర్మమునకు వెచ్చించును. మనుష్యునకు చేరునది స్వల్పభాగము. నెమరువేయు జంతువుల కడుపులోని సూక్ష్మజీవులు మేతను పులియబెట్టునప్పుడు మీథేను వాయువు పుట్టి, త్రేనుపుల ద్వారా గాలిలో కలియును. నూరేండ్ల లెక్కలో మీథేను బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 27 రెట్లు ఎక్కువగా వేడిని నిలుపగలదు.

2018లో పూర్, నెమెచెక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 119 దేశములలోని సుమారు 38,700 క్షేత్రముల వివరములు సేకరించి ప్రకటించిన పరిశోధన దీనిని అంకెలతో నిరూపించినది. 100 గ్రాముల మాంసకృత్తుల కొరకు వెలువడు వాయువుల సగటు, మాంసము కొరకే పెంచు పశువుల మాంసమునకు 50 కిలోలు, చెరువులలో పెంచు రొయ్యలు మొదలగు వాటికి 18, కోడిమాంసమునకు 5.7, గ్రుడ్లకు 4.2, పప్పుధాన్యములకు ఒక కిలో కంటె తక్కువ. దూరమునుండి తెచ్చిన తిండియే చెడ్డదను సామాన్యాభిప్రాయమును కూడ ఈ పరిశోధన సడలించినది. ఆహారము వలన కలుగు మొత్తము వాయువులలో రవాణా వంతు సుమారు 6 శాతమే. ఎక్కడనుండి వచ్చినదను దానికంటె ఏమి తిన్నామన్నదే ముఖ్యము.

ఐనను అదే పరిశోధన మరియొక సంగతిని కూడ చెప్పినది. ఒకే పదార్థమును పండించు రైతులలోనే, పద్ధతిని బట్టి, పర్యావరణ భారము ఎన్నో రెట్లు మారుచుండును. కందులు కందులే, పాలు పాలే యని పేరును బట్టి తూచరాదు. ఈట్-లాన్సెట్ పట్టిక తడబడినది ఇచ్చటనే.

ఒకే వరుస, వేర్వేరు పొలములు

పట్టికలో వరి, గోధుమ, మొక్కజొన్న, తక్కిన ధాన్యములన్నియు 232 గ్రాముల ఒకే వరుసలో ఉన్నవి. గొడ్డుమాంసము విషయమున గ్రాము గ్రాము లెక్కించిన కమిషను, కోట్లాది జనుల కంచములో సగమునకు పైగా ఆక్రమించు ధాన్యము విషయమున ఏ ధాన్యమనిగాని, ఎట్లు పండినదనిగాని విడదీసి తూచలేదు. మాంసము అధికముగా తినెడి దేశములకు ఇది చిన్న లోపము. అన్నము తినెడి దేశములకు ఇదియే అసలు ప్రశ్న.

నీరు నిలిచిన వరిమడిలో నేలకు ప్రాణవాయువు అందదు. ప్రాణవాయువు లేని బురదలో బ్రదుకు సూక్ష్మజీవులు అచ్చట కుళ్ళిన వేళ్ళను, గడ్డిని తిని మీథేనును విడుచును. ఆ వాయువు వరిదుబ్బుల కాడలలోని గాలిగొట్టముల గుండ పైకి వచ్చును. మానవుల పనుల వలన వెలువడు మీథేనులో సుమారు 8 శాతము వరిమడుల నుండియే వచ్చుచున్నదని అంచనా. కిలో వడ్లు పండుటకు వానగా, పారుదలగా పొలమునకు చేరు నీరు సగటున 2500 లీటర్లు.

వరిని మానకయే ఈ భారమును తగ్గించు ఉపాయము కలదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారము చేసిన పద్ధతిలో, రంధ్రములు గల చిన్న గొట్టమును మడిలో పాతి నీటిమట్టమును చూచుచుందురు. నీరు నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు జారిన పిమ్మటనే తిరిగి పెట్టుదురు. పూతదశయందు మాత్రము మడిని ఆరనీయరు. మడి ఆరినప్పుడెల్ల బురదలోనికి గాలి చొరబడి మీథేను పుట్టుక తగ్గును. నీటిలో 30 శాతము వరకు, మీథేనులో సగము వరకు ఆదా కాగలదు. నేల ఆరి తడిసినప్పుడు నైట్రస్ ఆక్సైడు అను మరియొక వాయువు కొంత పెరుగు మాట నిజమే. ఐనను మొత్తము మీద లాభమే మిగులును. ఆంధ్రదేశమున 2003 ఖరీఫు నుండి ప్రచారములోనికి వచ్చిన శ్రీ వరి సాగులో కూడ మడిని నిరంతరము ముంచి ఉంచరు. ఈ రెండు విధముల పండిన బియ్యమునకు అంగడిలో వేరు పేరు లేదు, వేరు గోతము లేదు. కొనువానికి మంచి పొలమును ఎంచుకొనవలెనను కోరిక ఉన్నను, ఎంచుకొను మార్గము లేదు.

ధాన్యముల మధ్య భేదము కూడ తక్కువది కాదు. 2018లో భారతదేశపు ధాన్యములపై వెలువడిన ఒక అధ్యయనము, జిల్లాకు తగినట్లు వరికి బదులు మొక్కజొన్న, రాగి, సజ్జ, జొన్నలలో నీరు తక్కువ త్రాగుదానిని పండించినచో పారుదల నీటి అవసరము 33 శాతము తగ్గగలదనియు, ఇనుము 27 శాతము, జింకు 13 శాతము ఎక్కువ లభించుననియు లెక్కకట్టినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము, 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పాలిషు పట్టిన బియ్యములో 8 మిల్లీగ్రాములకు మించదు. రాయలసీమ సంకటి, తెలంగాణపు జొన్నరొట్టె, ఉత్తరాంధ్ర చోడి అంబలి ఈ లెక్కలు పుట్టక పూర్వమే ఈ పనిని చేయుచుండెడివి. కమిషను పట్టికలో వానికి ప్రత్యేక స్థానము లేదు.

చేపల వరుసలోను ఇదే తీరు. 28 గ్రాముల చేప సముద్రములో వలకు చిక్కినదా, ఊరచెరువులో పెరిగినదా, కొల్లేటి గర్భమున కట్టలు కట్టి పెంచినదా యని పట్టిక అడుగదు. కొల్లేరు అభయారణ్యములోని చేపలచెరువుల కట్టలను 2006లో ప్రభుత్వమే పగులగొట్టవలసి వచ్చినది. తూకమున ఆ చేపయు, ఊరచెరువు చేపయు సమానమే. సరస్సునకు కలిగిన నష్టము తూకమునకు అందలేదు.

పాలకు, మాంసమునకు మధ్య గోడ

పట్టికలో పాలు ఒక వరుస, మాంసము మరియొక వరుస. పాలకు 250 గ్రాములు, గొడ్డు, మేకమాంసములకు కలిపి 7 గ్రాములు. కాగితముపై ఈ రెండును వేర్వేరు. కొట్టములో ఇవి వేరు కావు. గేదె ఈననిదే పాలీయదు. ఈనిన దూడలలో ఇంచుమించు సగము మగవి. పూర్వము ఎద్దు దుక్కికి, దున్న బురదమడికి, బండికి అక్కరకు వచ్చెడివి. ట్రాక్టరు వచ్చిన తరువాత మగదూడకు పని లేదు. ఒట్టిపోయిన గేదెకు మేత వేయుట పేదరైతునకు తలకు మించిన భారము. ప్రపంచమున పాల ఉత్పత్తిలో భారతదేశము మొదటిది. గేదెమాంసపు ఎగుమతిలో కూడ అగ్రశ్రేణి దేశములలో ఒకటి. ఈ రెండు సంగతులు ఒకే కొట్టమునుండి పుట్టినవి.

వ్యక్తి మాంసము ముట్టకుండ ఉండవచ్చును. అది అతని వ్రతము. సమాజము మొత్తముగా పాలు సమృద్ధిగా త్రాగి మాంసపు వరుసను సున్న చేయుదమన్నచో, మగదూడలను, ముసలిపశువులను జీవితాంతము మేపు ఖర్చును, వాని మీథేనును కూడ లెక్కలో వేసికొనవలెను. అట్లు వేసికొనని లెక్క మిగిలిన భాగమును రైతు నెత్తిన పెట్టును. ఈ రెండు వరుసలకు గల సంబంధమును పట్టికలోనే చూపియుండవలసినది.

పాల వరుసలో పొలమునకు సంబంధించిన భేదము కూడ అణగిపోయినది. వరిగడ్డి, తవుడు మనుష్యుడు సాధారణముగా తినునవి కావు. వానిని తిని పాలిచ్చు పశువు ధాన్యము తిని పాలిచ్చు పశువు వలె మనుష్యుని తిండికి పోటీ రాదు. మరియొక ప్రక్క, తక్కువ పాలిచ్చు పశువు విషయమున లీటరునకు వెలువడు మీథేను ఎక్కువ. మేలు, కీడు రెండును ఒకే చెంబులో ఉన్నవి. ఇక జంతువు పడు యాతన ఈ పట్టికకు కొలమానమే కాదు. దినమునకు 13 గ్రాముల గ్రుడ్డు, అనగా వారమునకు ఇంచుమించు ఒకటిన్నర. అది పెరట తిరుగు కోడి పెట్టినదైనను, రెక్క చాపుటకు చోటులేని ఇనుపబోనులోని కోడి పెట్టినదైనను పట్టికకు ఒకటే. ధర్మాహారమని పేరు పెట్టుకొను ఏ లెక్కకైనను ఇది చిన్న లోపము కాదు.

ఎవరి చేతిలోని ఎంపిక?

అన్నిటికంటె పెద్దలోపము ధరకు సంబంధించినది. 2020లో లాన్సెట్ కుటుంబమునకే చెందిన మరియొక పత్రికలో వెలువడిన పరిశోధన, 159 దేశముల ధరలను చూచి, ఈ పట్టికకు సరిపడు ఆహారమును అన్నిటికంటె చౌకగా కూర్చినను దినమునకు మనిషికి 2011 నాటి ధరలలో 2.84 డాలర్లు మధ్యస్థముగా అగునని తేల్చినది. కనీసము 158 కోట్లమంది తలసరి ఆదాయమంతయు వెచ్చించినను ఈ భోజనమును కొనలేరు. ఖర్చులో పెద్దభాగము పండ్లకు, కూరలకు అగుచున్నది. అదే సంవత్సరము భారతీయుల ఆహారమును ఈ పట్టికతో పోల్చిన అధ్యయనము, అత్యంత సంపన్నులైన 5 శాతము తప్ప తక్కిన వర్గములన్నిటికి 2500 కెలోరీలే అందుటలేదని చూపినది. తినెడి శక్తిలో అధికభాగము ధాన్యమునుండియే వచ్చుచున్నది. మాంసకృత్తులనిచ్చు పదార్థముల వంతు పట్టికలో 29 శాతము; మన దేశమున 6 మొదలు 8 శాతము.

ఇట్టి దేశమున తక్కువ తినుమని చెప్పవలసినవారు కొందరే. ఎక్కువమందికి పప్పు, గ్రుడ్డు, పాలు, ఆకుకూర ఇంకను అందవలసి ఉన్నవి. 2013 నాటి ఆహారభద్రతా చట్టము మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమునకు హామీ ఇచ్చినది. దినమునకు అది 167 గ్రాములు. బియ్యముగా తీసికొన్నచో సుమారు 590 కెలోరీలు. పట్టిక కోరిన శక్తిలో పావువంతునకు కొంచెము తక్కువ. చిరుధాన్యములను ఇచ్చుటకు కూడ ఆ చట్టమున వీలు కలదు. అయినను తెలుగునాట చౌకధరల దుకాణమునకు పోయిన కుటుంబమునకు సాధారణముగా దొరకునది బియ్యమే. 1983లో ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన రెండు రూపాయల కిలోబియ్యము పథకము లక్షల కుటుంబముల ఆకలిని తీర్చిన మాట కాదనరానిది. మెట్టప్రాంతపు వంటయింటిలో జొన్న, కొర్ర, రాగులు వెనుకబడుటకు గల కారణములలో చౌకబియ్యము ఒకటి అనుట కూడ నిజమే. ఆ ఎంపికను చేసినది ఇల్లాలు కాదు; చేసినది ధర.

దీనికి ఎదురుదారి కూడ తెలుగునాటనే కలదు. జహీరాబాదు ప్రాంతపు పస్తాపూరు కేంద్రముగా పనిచేయు దక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ మహిళా సంఘములు, ఎక్కువగా దళితస్త్రీలతో కూడినవి, వానాధారపు భూములలో జొన్న, కొర్ర, కంది, పెసర మొదలగు వానిని కలిపి పండించి, విత్తనములను తమ ఇండ్లలోనే దాచుకొని, స్థానికముగా ధాన్యము పంచుకొను ఏర్పాటు చేసికొనిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటరు బహుమతి వీరికి లభించినది. కమిషను నివేదిక వెలువడినదియు అదే సంవత్సరమున. ఒకటి ప్రపంచమునకు సగటు కంచమును గీసినది. మరియొకటి ఒక నేలకు తగిన కంచమును నింపినది.

2025 అక్టోబరులో కమిషను తన రెండవ నివేదికను ప్రకటించినది. ఆహారము వలన భూమికి కలుగు భారములో 70 శాతమునకు పైగా లోకములోని సంపన్నులైన 30 శాతము జనుల తిండివలననే కలుగుచున్నదని అందు స్పష్టముగా చెప్పబడినది. న్యాయము అను మాటకు మొదటి నివేదికలో లేనంత చోటు ఇందు దొరకినది. ఇది మెచ్చదగిన మార్పు. మొదటి పట్టికపై వచ్చిన విమర్శలు వ్యర్థము కాలేదు.

పట్టికనుండి తీసికొనదగినది

ఇంతమాత్రమున పట్టికను త్రోసివేయ పనిలేదు. కలిగిన కుటుంబము దాని నుండి తీసికొనదగినవి పెక్కు కలవు: వారములో కొన్ని పూటల మాంసమునకు బదులు కందిపప్పు, ఉలవలు, పెసలు, తెల్లని సన్నబియ్యములో కొంతభాగమునకు బదులు దంపుడు బియ్యము, జొన్న, రాగి, చెట్టుగింజల చోట వేరుశెనగ. కాలిఫోర్నియాలో పారుదల నీటితో పండిన బాదమును కొనుటకే ధర్మమని పేరు పెట్టుకొననక్కరలేదు. అన్నిటికంటె సులభమైనది, పెండ్లిపందిటి విస్తళ్ళలో మిగులు అన్నమును తగ్గించుట. 2022లో ప్రపంచమున ఇండ్లలోను, భోజనశాలలలోను, అంగళ్ళలోను వ్యర్థమైన ఆహారము 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము లెక్కించినది. అందులో సుమారు 60 శాతము ఇండ్లలోనిదే.

తక్కిన పని వంటయింటిలో తెమలునది కాదు. ఆరబెట్టి పండించిన వరికి మంచిధర, చౌకధరల దుకాణములో చిరుధాన్యములు, పప్పులు, మధ్యాహ్న భోజనములో గ్రుడ్డు, ముసలిపశువు ఖర్చును పాలధరలో కలుపుట, ఇవి ప్రభుత్వములు, సహకారసంఘములు చేయవలసిన ఎంపికలు. ఈట్-లాన్సెట్ పట్టిక ఒక మంచి తక్కెడ. తక్కెడ బరువును మాత్రమే చెప్పును. ఆ గింజ ఏ మడిలో పండినదో, ఆ పాలు ఏ కొట్టమునుండి వచ్చినవో, వానిని కొనలేక వెనుదిరిగినవారు ఎవరో విచారింపవలసిన బాధ్యత ఆ తక్కెడను చేతబట్టినవారిది.